చిన్న కళాశాల, పెద్ద ఆసుపత్రి

ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడి, నీట్ ర్యాంకు తెలిసి, వెబ్ ఆప్షన్లు ఇచ్చుకొను గడువు సమీపించు దినములలో, బైపీసీ చదివిన పిల్లలు గల యిండ్లలో భోజనముల వేళ సయితము మరియొక సంభాషణ వినబడదు. ఏ కళాశాలలో చేరవలెను? డాక్టరు కాగోరు కుమారునికైనను, నర్సు కాగోరు కుమార్తెకైనను, ఫిజియోథెరపీయో, ల్యాబ్ టెక్నీషియన్ విద్యయో అభ్యసింపదలచిన మేనల్లునికైనను, బంధుమిత్రులు సాధారణముగా ఇచ్చు ఆలోచన ఒక్కటే: పేరు మోసినదానిలో చేర్పింపుడు, పెద్దదానిలో చేర్పింపుడు, నగరములో నున్నదానిలో చేర్పింపుడు. ఈ మూడు విశేషణములలో దేనికిని వైద్యవిద్యతో నేరుగా సంబంధము లేదనియు, ఏటేటను నలుబది మందినో, అరువది మందినో, వైద్యశాస్త్రములోనైన నూరుమందినో మాత్రమే చేర్చుకొను చిన్న కళాశాల అనేక పర్యాయములు మేలైన ఎన్నిక కాగలదనియు ఈనాడు మీకు మనవి చేయదలచినాను. అయితే చిన్నదియైనంత మాత్రమున ఏదియు మంచిది కాబోదు. దేనితో పోల్చినప్పుడు చిన్నది అను ప్రశ్న వేసికొనినగాని ఈ విషయము తేలదు.

తక్కిన విద్యలలో గురువును శిష్యుడును ఉన్న చాలును. వైద్యవిద్యలో మూడవ వ్యక్తి యొకడు కలడు, అతడు రోగి. గణితశాస్త్రమును ఒకే మందిరమున రెండువందల మందికి బోధింపవచ్చును. గొంతు పెద్దదై, నల్లబల్ల విశాలమైన యెడల ఎవరికిని నష్టము లేదు. కాని ప్లీహము పెరిగిన ఒక కూలివాని ఉదరమును ఒక్క ఉదయమున ఎంతమంది తాకి చూడగలరు? నలుగురు చూచువరకు అతడు సహించును. ఐదవవాడు వచ్చుసరికి ముఖము త్రిప్పుకొనును. పదవవాడు చేయి చాచునప్పటికి దుప్పటి పైకి లాగుకొనును. అట్లు లాగుకొనుటకు అతనికి సంపూర్ణమైన హక్కు కలదు. వెనుక వరుసలో మునివ్రేళ్లపై నిలిచి గురువుగారి భుజము మీదుగా తొంగిచూచిన విద్యార్థి, ప్లీహమును గూర్చి వ్రాతపరీక్షలో నూటికి తొంబది మార్కులు తెచ్చుకొనవచ్చును గాని, వాని వ్రేళ్లకు మాత్రము ప్లీహము తెలియదు. కావున కళాశాల ఎంత పెద్దది అనుటకంటె, ఒక్కొక్క విద్యార్థి వంతునకు ఎందరు రోగులు వత్తురు, ఒక్కొక్క రోగిచుట్టును ఎందరు విద్యార్థులు మూగుదురు అని విచారించుట యుక్తము. శిష్యులు కొలదిమంది, రోగులు పెక్కుమంది అయినప్పుడే చిన్న కళాశాలకు అర్థమున్నది. శిష్యులును కొలదిమందియే, రోగులును కొలదిమందియే యైనచో అది చిన్న కళాశాల కాదు, ఖాళీ కళాశాల.

ఐరోపాఖండమున ఆధునిక వైద్యబోధన ఎక్కడ వేరూనినదని విచారించినచో, పదునెనిమిదవ శతాబ్ది తొలిభాగమున హాలెండు దేశములోని లైడెన్ నగరమునకు పోవలసియుండును. అచట హెర్మన్ బూర్‌హావే అను ఆచార్యుడు బోధనకొరకు వాడుకొనిన వార్డులో ఉన్న మంచములు పండ్రెండు మాత్రమే. పురుషులకు ఆరు, స్త్రీలకు ఆరు. ఆ పండ్రెండు మంచముల ప్రక్కన నిలిచి విన్న పాఠములకొరకు యూరపు నలుమూలలనుండి విద్యార్థులు వచ్చిరి. వారిలో ఒకడైన వాన్ స్వీటెన్ వియన్నాలో వైద్యవిద్యను సంస్కరించెను. మరికొందరు స్కాట్లండునకు మరలిపోయి 1726లో ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యశాఖ నెలకొల్పిరి. పండ్రెండు మంచములతో ఒక ఖండమునకు వైద్యము నేర్పవచ్చునా అని ఆశ్చర్యము కలుగవచ్చును. బూర్‌హావే వంటి గురువు రోగి ప్రక్కన కూర్చుండి, అతనిని ప్రశ్నించి, నాడి చూచి, తన ఆలోచనను శిష్యుల యెదుట బహిరంగముగా నడిపించి చూపుచుండగా, మంచముల సంఖ్యకంటె ఆ మంచములయొద్ద గడచిన కాలమే ప్రధానమైనది.

ఈ సంప్రదాయమే తరువాత అనేక చోట్ల చిన్న రూపములలో ప్రత్యక్షమైనది. లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లారెన్స్ నైటింగేల్ పేర 1860లో వెలసిన నర్సుల శిక్షణాలయము పదునైదుగురు విద్యార్థినులతో మొదలైనది; లోకమునందలి నర్సింగు విద్యయంతయు తన వంశవృక్షమున ఆ చిన్న తరగతి పేరు చెప్పుకొనును. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాల 1893లో తెరచినప్పుడు చేరినవారు పదునెనిమిదిమంది. అందు ముగ్గురు స్త్రీలు. అచటి ఆచార్యుడు విలియం ఆస్లర్, విద్యార్థులకు వార్డులలో పాఠము చెప్పినవాడని తన సమాధిపై వ్రాసిన చాలును, మరియొక బిరుదము అక్కరలేదు అని కోరుకొనినవాడు. గొప్ప గ్రంథమును రచించి, సర్ బిరుదము పొందిన మనుష్యుడు ఆ మాట అనుట నాకు ఎప్పుడును ముచ్చటగా తోచును.

ఇంతవరకు చిన్నవాటిని స్తుతించితిని. వెంటనే రెండవ ప్రక్క చూపనిచో పక్షపాతమగును. అదే అమెరికాలో, ఆస్లర్ కాలముననే, చిన్న వైద్యపాఠశాలలు వీధికొకటిగా ఉండెడివి. నలుగురు డాక్టర్లు కలిసి ఒక యిల్లు అద్దెకు తీసికొని, బోర్డు కట్టి, రుసుము వసూలు చేసికొని, రెండు శీతకాలములు ఉపన్యాసములు చెప్పి పట్టము చేతికిచ్చెడివారు. అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అను ఆయన, వృత్తిచేత బడిపంతులేగాని వైద్యుడు కాడు, కార్నెగీ సంస్థ పక్షమున అమెరికా, కెనడా దేశములలోని 155 వైద్యపాఠశాలలను చూచి 1910లో ఒక నివేదిక ప్రకటించెను. ఆయన తన ఆత్మకథలో చెప్పుకొనిన ముచ్చట యొకటి కలదు. ఒక పాఠశాలలో ప్రతి గది తలుపు పైనను శరీరనిర్మాణశాస్త్రము, శరీరధర్మశాస్త్రము, వ్యాధిశాస్త్రము అని చక్కగా పేర్లు వ్రాసియున్నవి. తలుపులు మాత్రము తాళము వేసియున్నవి. తాళపుచెవులు గల కాపలావాడు ఎక్కడను కనబడలేదట! ఫ్లెక్స్‌నర్ రైలెక్కించుటకు వచ్చినవారు కనుమరుగైన పిమ్మట వెనుకకు మరలి, కాపలావానికి అయిదు డాలర్లు ముట్టజెప్పి తలుపులు తెరిపించి చూచెను. అన్ని గదులలోను కుర్చీలు, బల్లలు, నల్లబల్ల. అంతకుమించి పరికరమనదగినది ఏదియు లేదు. ఆ నివేదిక ఫలితముగా అట్టి పాఠశాలలు వరుసగా మూతపడినవి. ఆ ఊపులో నల్లజాతివారి వైద్యపాఠశాలలు ఏడింటిలో అయిదు క్రమముగా అంతరించి రెండు మాత్రమే మిగిలినవనియు, ఆ లోపమును ఆ జాతి తరతరములు అనుభవించినదనియు కూడ చెప్పవలసియున్నది. చెడ్డదానిని మూయించుట సులభము. మూతపడినదాని స్థానమున మంచిదానిని నిలుపుట ఏ నివేదికవలనను కాలేదు.

మనకు మిక్కిలి దగ్గరి దృష్టాంతము రాయవేలూరు (వేలూరు) వైద్యకళాశాల. చిత్తూరు సీమవారికిని, నెల్లూరు, కడప, అనంతపురము వారికిని, ఎక్కడికి పోయినను నయము కాదనిన రోగమునకు రాయవేలూరు చివరి ఆశగా తరతరములనుండి ఉన్నది. ఆ సంస్థను స్థాపించిన ఐడా స్కడర్ 1870లో ఆ సమీపమున రాణిపేటలోనే జన్మించినది. ఒకే రాత్రి ముగ్గురు గృహస్థులు వేర్వేరుగా వచ్చి ప్రసవవేదనపడుచున్న తమ భార్యలను చూడవలెనని ఆమెను వేడుకొనుటయు, మిషనరీ వైద్యుడైన ఆమె తండ్రి వచ్చునని చెప్పినను పరపురుషుడని వారు అంగీకరింపకపోవుటయు, తెల్లవారునప్పటికి ఆ ముగ్గురు స్త్రీలును మరణించుటయు పలువురు విన్న కథయే. కథకంటె తరువాతి వివరములు మన ప్రకృతవిషయమునకు ఎక్కువ ఉపయోగించును. అమెరికాలో కార్నెల్‌లో వైద్యపట్టము పొంది 1900లో తిరిగివచ్చి, 1902లో ఆసుపత్రి తెరచి, 1909లో నర్సుల పాఠశాల మొదలుపెట్టి, 1918లో స్త్రీలకొరకు వైద్యపాఠశాల స్థాపించినప్పుడు ఆమె చేర్చుకొనగలిగినవారు ఇరువదిమందికి లోపే. ఆ తొలి తరగతిలో పరీక్షకు నిలిచినవారందరును మొదటి పర్యాయమే ఉత్తీర్ణులైరి. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో పెద్ద పాఠశాలల పురుష విద్యార్థులు సయితము పలువురు తప్పుచుండిన పరీక్ష అది.

అందుకు కారణము వారి మేధాసంపద మాత్రమే యని నేననుకొనను. ఐడా స్కడర్ ప్రతివారమును మోటారుబండిలో గుడియాత్తం దారిని బయలుదేరి, చింతచెట్ల క్రిందను, మైలురాళ్లయొద్దను ఆగి, అక్కడ గుంపుగా వేచియుండిన గ్రామస్థులకు చికిత్స చేయుచు పోయెడిది. కురుపులు కోయుట, కన్నులు కడుగుట, పుండ్లకు కట్టు కట్టుట, అవసరమైనవారిని బండిలో కూర్చుండబెట్టుకొని ఆసుపత్రికి తెచ్చుట, ఇవియన్నియు ఆ దారిపొడవునను సాగెడివి. విద్యార్థినులు ఆమె వెంట పోయిరి. ఇరువదిమందికి లోబడిన తరగతి గనుకనే అది సాధ్యమైనది. నూటయేబదిమందిని ఏ బండి మోయగలదు? ఎవరి చేయి వణకుచున్నదో, ఎవరు రోగిని కసురుకొనుచున్నారో, ఎవరు తెలియనిదానిని తెలిసినట్లు నటించుచున్నారో, చెట్టు నీడను ఒక్క పూటలో గురువునకు తేటతెల్లమగును. ఆ పాఠశాల 1942లో పట్టపరీక్ష స్థాయికి ఎదిగినది, నర్సింగులో బి.ఎస్సీ. పట్టము 1946లో అచట ఆరంభమైనప్పుడు దేశమున అట్టివి వ్రేళ్లమీద లెక్కింపదగినవే. ఆసుపత్రి మహావృక్షమైనది. తరగతులు మాత్రము చిరకాలము చిన్నవిగనే ఉంచిరి. ఆ సంస్థ ఘనతలో ఈ నిగ్రహమునకు గల పాలును లోకము తగినంత గుర్తింపలేదని నా అభిప్రాయము. సీట్లు పెంచుకొను అవకాశము చేతికందినప్పుడు చేయి ముడుచుకొనుట మన కాలమున కళాశాలాధిపతులకు అలవాటైన గుణము కాదు.

మహారాష్ట్రమున వార్ధా సమీపమందలి సేవాగ్రామములో డాక్టర్ సుశీలా నయ్యర్ 1969లో, గాంధీజీ శతజయంతి వత్సరమున, నెలకొల్పిన వైద్యకళాశాల మరియొక మార్గము త్రొక్కినది. కొత్తగా చేరిన విద్యార్థులు తొలుత ఆశ్రమమున కొన్నాళ్లు నివసింతురు; పిదప ఒక్కొక్క తరగతి ఒక్కొక్క గ్రామమును దత్తత తీసికొని, విద్యార్థికి కొన్ని కుటుంబములు వంతున పంచుకొని, చదువు సాగినంతకాలము వారి ఆరోగ్యమును కనిపెట్టియుందురు. ఒక కుటుంబములోని ముసలమ్మ దగ్గు ఏ మాసమున ఎట్లున్నదో ఎరిగిన విద్యార్థికి, క్షయవ్యాధిని గూర్చిన పాఠము పుస్తకములో ఎదురైనప్పుడు అది మునుపే పరిచయమైన మనుష్యుని కథవలె తోచును.

ఇక మన తెలుగునాటికి వత్తము. గడచిన కొన్ని యేండ్లలో రెండు రాష్ట్రములలోను జిల్లా ఆసుపత్రులను ఆధారము చేసికొని కొత్త ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. తెలంగాణమున 2022లో వనపర్తి, జగిత్యాల, మంచిర్యాల, మహబూబాబాదు మొదలైన ఎనిమిది చోట్ల ఒక్కసారి తరగతులు ఆరంభమైనవి. ఆంధ్రప్రదేశమున 2023లో విజయనగరము, రాజమహేంద్రవరము, ఏలూరు, మచిలీపట్నము, నంద్యాలలో ఆరంభమైనవి. వీటి పేర్లు వినగానే మనవారు కొంచెము పెదవి విరుతురు. విశాఖపట్టణములో 1923నుండి నడచుచున్న ఆంధ్ర వైద్యకళాశాల ఎక్కడ, మొన్న పుట్టినది ఎక్కడ అని వారి భావము. కాని జిల్లా ఆసుపత్రికి రోగులను ప్రకటనలు వేసి పిలువనక్కరలేదు. పాముకాటు, పురుగులమందు త్రాగినవారు, డెంగ్యూ జ్వరములు, అర్ధరాత్రి కాన్పులు, లారీ ప్రమాదములు తమంత తామే వచ్చును. అచట కొరత పడునది రోగులు కారు, బోధకులు. నగరపు పొలిమేరలలో పచ్చికబయళ్ల నడుమ వెలసిన కొన్ని ప్రైవేటు కళాశాలల సంగతి దీనికి విపర్యయము: అచట మేడలు కలవు, మందిరములు కలవు, పరీక్షాధికారులు వచ్చు దినమున బోధకులును కలరు, మంచములు మాత్రము మడత నలగని దుప్పట్లతో నుండును. తనిఖీనాడు కూలి యిచ్చి పరుండబెట్టిన రోగులను గూర్చియు, సంవత్సరమునకు ఒకటి రెండుసార్లు దర్శనమిచ్చి జీతము పుచ్చుకొను ఆచార్యులను గూర్చియు వార్తాపత్రికలు చదువు శ్రోతలకు నేను వేరుగా చెప్పనక్కరలేదు. ఆధార్‌తో ముడిపెట్టిన హాజరుపద్ధతిని జాతీయ వైద్య కమిషన్ తెచ్చుటకు హేతువు ఈ రోగమే.

ఆ కమిషన్ 2023లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము ఏటేటను నూరుమందిని చేర్చుకొను కళాశాలకు 420 మంచములును, నూటయేబదిమందిని చేర్చుకొనుదానికి 605 మంచములును ఉండవలెను. వానిలో నూటికి ఎనుబదివంతులు నిండియుండవలెను. భాగించి చూడుడు: చిన్నదానిలో ఏటా చేరు ఒక్కొక్క విద్యార్థికి నాలుగు మంచములకు పైచిల్లర, పెద్దదానిలో ఇంచుమించు నాలుగు. నియమములో భేదము అత్యల్పమే. మంచములు నిజముగా నిండియున్నవా యనుటలోనే భేదమంతయు నున్నది. దానిని మీరు స్వయముగా చూడవలెను.

చూచుట యెట్లు? కళాశాలవారు మిమ్ము సాదరముగా త్రిప్పి చూపు దినమున గాక, చెప్పకుండ ఒక సోమవారము ఉదయము తొమ్మిదింటికి పోవుడు. ఓపీ చీటీలిచ్చు కిటికీయొద్ద బల్లమీద రెండు గంటలు కూర్చుండుడు. వచ్చినవారు ఏ ఊళ్లనుండి వచ్చుచున్నారో అడుగుడు. చుట్టుప్రక్కల పల్లెల జనము తమ యిష్టముచేత ఆ ఆసుపత్రికి రానిచో, వారికి తెలిసిన రహస్యమేదో మీకు తెలియదన్నమాట. పిదప కాన్పుల వార్డునకు పోవుడు. నర్సింగు చదువదలచిన ఆడపిల్లల తలిదండ్రులు ఈ మాట విశేషించి గమనింపవలెను. నర్సింగు విద్యార్థిని తన చేతులతో ఇన్ని కాన్పులు చేసినట్లు, ఇన్ని చూచినట్లు, ఇందరు పసిబిడ్డలను సంరక్షించినట్లు కేసుబుక్కులో వ్రాసికొని ఉపాధ్యాయురాలి సంతకము పొందవలెనను నియమము కలదు. దినమునకు ఒక కాన్పు సయితము కాని ఆసుపత్రిలో అరువదిమంది విద్యార్థినులకు ఆ పుస్తకములు ఎట్లు నిండుచున్నవి? పై తరగతివారి పుస్తకములనుండి నిండుచున్నవి. అది విద్యార్థినుల దోషము కాదు. గట్టున కూర్చుండబెట్టి ఈత నేర్చుకొమ్మనిన యెడల వారేమి చేయగలరు? అట్టి పట్టభద్రురాలు ఉద్యోగములో చేరిన మొదటి రాత్రి ఒంటరిగా డ్యూటీలో నున్నప్పుడు, బిడ్డ పుట్టి ఏడ్వకపోయినచో ఏమి జరుగునో ఊహింపుడు.

నర్సింగు కళాశాలల విషయమున ఇంకొక్క గుర్తు చెప్పెదను. భారత నర్సింగ్ మండలి నియమావళిలో పదిమంది విద్యార్థులకొక బోధకురాలుండవలెననియు, బి.ఎస్సీ. కళాశాలకు సొంతమైన నూరు మంచముల ఆసుపత్రి ఆధారముగా నుండవలెననియు కలదు. కాగితముమీద అందరికిని ఉన్నట్లే యుండును. కాని ఆచరణలో అనేక కళాశాలల పిల్లలను బస్సులలో నింపి జిల్లా ఆసుపత్రికి పంపుచుందురు. ఆ ఆసుపత్రి ఆవరణలో ఒక ఉదయము నిలిచి, ఎన్ని రంగుల యూనిఫారములు తిరుగుచున్నవో లెక్కింపుడు. ఒకటి రెండైనచో సంతోషము. ఐదారు రంగులు కనబడినచో, అచట మీ అమ్మాయి చదువబోవు కళాశాల ఎంత చిన్నదైనను, ఆ రోగి మంచముప్రక్కన మాత్రము ఆమె ఒక పెద్ద గుంపులోనే నిలువవలసివచ్చును. ఈ లెక్క ఏ ప్రకటనపత్రములోను అచ్చు పడదు. వార్డు సిస్టరును అడిగినచో చెప్పును. ఆయాను అడిగినచో ఇంకను నిష్కపటముగా చెప్పును.

బోధకుల సంగతి కనుగొనుట కష్టతరము. అయినను ఒక ఉపాయము కలదు. మూడవ సంవత్సరపు విద్యార్థులను క్యాంటీనులో కలిసికొని, మీ పేరు పెట్టి పిలువగల ఆచార్యులు ఎందరున్నారు అని అడుగుడు. చిన్న కళాశాలలో చదివి మూడేండ్లయినను ఒక్కరును పేరు పెట్టి పిలువనిచో, ఆ చిన్నతనమువలన వచ్చు లాభము వారికి చేరలేదనుట స్పష్టము. రాత్రి డ్యూటీలో తోడుగా పెద్దలెవరుందురు, తప్పు జరిగినప్పుడు కేకలు వేయుదురా లేక కూర్చుండబెట్టి చెప్పుదురా అనునవి తరువాతి ప్రశ్నలు. పిల్లలు చెప్పుటకు సంకోచింతురు గాని, మొగము చూచిన తెలియును.

డాక్టరు, నర్సు అను రెండు మాటలతో ఆరోగ్యవృత్తులు ముగియవు. రక్తపరీక్ష చేయువాడు, ఎక్స్‌రే తీయువాడు, కండ్లకు అద్దములు నిర్ణయించువాడు, పక్షవాతము వచ్చినవానిని మరల నడిపించువాడు, వీరు లేనిచో డాక్టరు సగము గ్రుడ్డివాడు. ఈ విద్యలను క్రమబద్ధము చేయుటకు కేంద్రశాసనము వచ్చినది 2021లో మాత్రమే; అంతకుముందు చాలవానికి జాతీయస్థాయిని ఒక మండలి సయితము లేదు. కావుననే ఈ శాఖలలో ఒక గది, ఒక సూక్ష్మదర్శిని, ఒక బోర్డు పెట్టుకొని వెలసిన సంస్థలు విస్తారము. మరియొక వంక, మిక్కిలి ఉత్తమమైన చిన్న శిక్షణలును ఈ రంగముననే కలవు. మదురైలో డాక్టర్ వెంకటస్వామి 1976లో పదునొకండు మంచములతో ఆరంభించిన అరవింద కంటి ఆసుపత్రిలో, పల్లెటూళ్ల ఆడపిల్లలకు ఆసుపత్రిలోనే పని నేర్పుచు శిక్షణ యిచ్చుట పరిపాటి. ఆ సంస్థకు వెన్నెముక వారే. హైదరాబాదున డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు 1987లో ఆరంభించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ, ఇంటర్మీడియట్ చదివిన గ్రామీణ యువజనులకు సంవత్సరకాలము శిక్షణ యిచ్చి, వారి వారి ప్రాంతములలోనే దృష్టి కేంద్రములలో నియమించుచున్నది. ఈ రెండు చోట్లను పాఠశాలకును ఆసుపత్రికిని నడుమ గోడ లేదు. ఉదయము విన్నదానిని మధ్యాహ్నము చేయవచ్చును. ల్యాబ్ టెక్నీషియన్ విద్యకో, ఆప్టోమెట్రీకో పోదలచిన పిల్లలు మొట్టమొదట వెదుకవలసిన లక్షణమిదియే. విశ్వవిద్యాలయపు గోపురము తరువాత.

చిన్న కళాశాలకు సహజమైన లోపములు దాచిపెట్టుట న్యాయము కాదు. అరుదైన వ్యాధులు అచటికి రావు. వచ్చినను వెంటనే పెద్ద ఆసుపత్రికి పంపివేయుదురు. ప్రత్యేకశాఖలు కొన్ని ఉండవు. పరిశోధనకు అవకాశము స్వల్పము. అన్నిటికంటె చిక్కైనది యొకటి కలదు: అందరును అందరికి తెలిసిన చోట, ఒక్క ఆచార్యునికి మీమీద అప్రసన్నత కలిగినచో తప్పించుకొని పోవుటకు రెండవ ఆచార్యుడుండడు. కులములు, వర్గములు, పాత పగలు పెద్ద కళాశాలలలో గుంపులో కలిసిపోవును గాని చిన్నచోట ఎదురెదురుగా నిలుచును. మెత్తని మనసుగల పిల్లలు దీనివలన నలిగిపోవుట నేనెరుగుదును. కళాశాలను చూడబోయినప్పుడు సగము చదివి మానివేసినవారెందరు, ఏల మానిరి అని విచారించుట ఇందుకే.

విదేశములకు పోవు ఆశగలవారు మరియొక భయము వెలిబుచ్చుదురు: చిన్న కళాశాల పేరు అచట ఎవరెరుగుదురు? ఎరుగనక్కరలేదు. అమెరికాలో నర్సు పని చేయగోరువారి యోగ్యతను పరిశీలించు సంస్థలు కళాశాల ముఖద్వారమును చూడవు. పిల్లల వార్డులో ఇన్ని గంటలు, శస్త్రచికిత్స వార్డులో ఇన్ని గంటలు, మానసికవ్యాధుల వార్డులో ఇన్ని గంటలు పనిచేసినట్లు వివరముగా వ్రాసిన పత్రమును, అదియును విద్యార్థిచేతి మీదుగా కాక విద్యాసంస్థనుండియే నేరుగా రావలెనని అడుగుదురు. అపాయము పేరులో లేదు, ఆయుర్దాయములో కలదు. పది పదునైదేండ్ల తరువాత మీకు ఆ పత్రము కావలసివచ్చినప్పుడు ఆ కళాశాల మూతపడియుండినచో తాళపుచెవి ఎవరియొద్ద నుండును? కనుక గుర్తింపు ఏ సంవత్సరమువరకు కలదో సంబంధిత మండలి జాబితాలో మీరే చూచుకొనుడు. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయమునకో, వరంగల్లులోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయమునకో అనుబంధమున్నదా లేదా విచారింపుడు. ఏటేటను మీ గంటల లెక్కను ముద్రవేయించి నకలు తీసియుంచుకొనుడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసికొని, మధ్యలో మానినచో తిరిగి యిచ్చుటకు నిరాకరించు సంస్థలయొద్దకు పోనేవలదు.

రుసుము మాట రెండు వాక్యములలో ముగించెదను. చిన్నది గనుక చౌక యని భ్రమపడవలదు. సీటునకు ఇంతయని వినబడిన మొత్తముపై హాస్టలు, బస్సు, యూనిఫారము, పరీక్షరుసుము, క్లినికల్ రుసుము అనునవి ఏటేటను చేరుచుండును గనుక, నాలుగేండ్ల మొత్తమును ఒకే కాగితముమీద వ్రాయించి సంతకము పెట్టించుకొనుడు.

ఇక ఎవరు చిన్న కళాశాలకు పోరాదు? పరిశోధనయే జీవితముగా చేసికొనదలచినవారును, మెదడు శస్త్రచికిత్స వంటి సూక్ష్మశాఖలపై చిన్ననాటినుండియే మనసు లగ్నమైనవారును, గుంపులో నిలిచియు తమ వంతు తాము లాగుకొనగల చొరవ యున్నవారును పెద్దచోటనే రాణింతురు. కింగ్ జార్జి, ఉస్మానియా, గాంధీ వంటి పెద్ద ఆసుపత్రులలో ఒక్క రాత్రి కనబడు రోగవైవిధ్యము చిన్న పట్టణములలో సంవత్సరమంతయు వేచినను కనబడకపోవచ్చును. అచట విద్యార్థులు ఎందరున్నను రోగులు అంతకంటె ఎక్కువగనే వత్తురు గనుక, నేను మొదట చెప్పిన లెక్క అచటను సరిపోవును. అట్టి సీటు వచ్చినవారు ఈ ప్రసంగము విని తమ ఆలోచన మార్చుకొనవలసిన పనిలేదు. అట్టి సీటు రాక, నగరములో మేడలు చూచి లక్షలు ధారపోయుటయా, జిల్లాకేంద్రములో నిండిన వార్డులున్న చిన్నదానికి పోవుటయా యని ఊగిసలాడుచున్నవారికొరకే ఇంతసేపు మాటలాడితిని. వారు వెబ్ ఆప్షన్లు ఖాయము చేయుటకు ముందు ఒక సోమవారము చేతిలో నుంచుకొందురు గాక.